నడుం పట్టీ

"పెట్టె మోసేది ఎవరక్కా?" అని అడిగాడు ఫరూఖ్.

"ఎవరో ఏంది? నేనే" అంది పోలమ్మ.

ఫరూఖ్ కుట్టుమిషను మీది నుంచి తలెత్తి ఆమెనొకసారి, బల్ల మీదున్న హార్మోనియం పెట్టెనొకసారి చూశాడు. ప్రొద్దుటూరు బజారు వెనక సందులో అతనిది తోలు, కాన్వాసు కుట్టే అంగడి. పెళ్ళి బ్యాండు వాళ్ళ డ్రమ్ములకు పట్టీలు కుట్టాలంటే అందరూ అతని దగ్గరికే వస్తారు. కానీ అవన్నీ మగవాళ్ళ భుజాలకు వేసే పట్టీలు. యాభై ఏళ్ళ ఆడమనిషి, చీర కట్టిన మనిషి, పది కిలోల పెట్టెను ఒంటికి తగిలించుకుని వీధిలో నడుస్తూ వాయిస్తానంటే ఎక్కడ మొదలుపెట్టాలో అతనికి తోచలేదు. టేపు తీసి ఆమె భుజం దాకా తెచ్చాడు. అక్కడ చెయ్యి ఆగిపోయింది.

"అమ్మీ, ఒకసారి ఇట్ల రా" అని లోపలికి కేకేశాడు.

అతని తల్లి జైబున్నీసా తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. సంగతి విని పోలమ్మను ఎగాదిగా చూసింది.

"ఏమ్మా, సుబ్బరంగా కూచోని వాయిచ్చుకోక ఈ మోత నీకెందుకు?"

"కూచోని వాయిచ్చే పులివెందల్లో నగుబాటయింది అక్కా" అంది పోలమ్మ. "మాది చెక్క భజన. ఆడేటోళ్ళు పద్నాలుగు మంది ఆడోళ్ళు, పెట్టె నాది. ఊరేగింపులో వాళ్ళు చెక్కలు కొట్టుకుంటా ముందర ఆడతాంటే, నేను ఎనక ట్రాక్టరు ట్రాలీలో కూచోని వాయిస్తా. పోయిన నెల పులివెందల్లో సందు తిరిగేతలికి ట్రాక్టరు జనంలో ఇరుక్కపాయ. పాట ఈడ, అడుగు ఆడ. ఏ అడుగెయ్యాల్నో తెలీక మావాళ్ళు నడీదిలో నిలబడిపాయిరి. జనం ఒకటే నవ్వు. ట్రాలీలో కూచోని ఆ నవ్వంతా విన్యా. ఈ శుక్రవారం జమ్మలమడుగులో ఊరేగింపుండాది. ఈసారి పెట్టె వాళ్ళతో నడవాల."

ఫరూఖ్ ముందు మెడకు వేసే పట్టీ ఒకటి కుట్టాడు. పెట్టెకు రెండు పక్కలా ఇనుప కొక్కేలు బిగించి తగిలించాడు. పోలమ్మ లేచి నిలబడి, ఎడమ చెయ్యి పెట్టె అవతలి వైపుకు చాచి తిత్తిని నొక్కింది. నొక్కినప్పుడల్లా పెట్టె వచ్చి పొట్టకు గుద్దుకుంది. వదిలినప్పుడల్లా ముందుకు ఊగింది. కుడిచేతి వేళ్ళ కింద మెట్లు నిలవలేదు. నాలుగు స్వరాలు పలికేసరికి మెడనరం లాగేసింది.

"బరువు మెడ మీదుంటే మెడే గ్యాపకముంటాది. పాట గ్యాపకముండదు" అంది జైబున్నీసా.

పోలమ్మ పెట్టె దించింది. తర్వాత మిషను పక్కన పడున్న పొడవాటి కాన్వాసు ముక్కను చేతిలోకి తీసుకుంది.

"మంద ఎంబడి పోయేటప్పుడు దావలో గొర్రె ఈనిందనుకో. ఆ పిల్ల నడవల్యాదు. కంబళిలో ఏసి కట్టుకుంటాం. మెడకు కాదు నాయనా, ఇట్ల" అని ముక్కను తుంటి ఎముకల మీదుగా నడుము చుట్టూ తిప్పి బిగించింది. "ముందర ఈడ కట్టాల. బరువంతా తుంటి మోస్తాది. భుజాన ఏసేది పిల్ల జారిపోకుండా పట్టుకునేదానికే. ఇట్ల కట్టుకుంటే అయిదు మైళ్ళయినా నడుస్తాం."

పనివాడికి పనివాడి మాట ఇట్టే అర్థమవుతుంది. ఫరూఖ్ మారు మాట్లాడకుండా సుద్దముక్క తీసుకున్నాడు. నాలుగు వేళ్ళ వెడల్పున నడుం పట్టీ, దానికి ఇత్తడి బకిలు, వీపు మీద ఒకదాన్నొకటి దాటిపోయే రెండు భుజం పట్టీలు. కొలతలు జైబున్నీసా తీసింది. పైట కొంగును పట్టీ కిందకు తోసి, "ఇది కిందనే ఉండాల. పైన పడితే నీ వేళ్ళకు అడ్డమొస్తాది" అని కొడుక్కు వినబడేటట్టు చెప్పింది. రెండు గంటలు మిషను ఆగలేదు.

సాయంత్రానికి పోలమ్మ మళ్ళీ నిలబడింది. నడుం పట్టీ బిగించి, భుజాలకు వేసుకుని, తిత్తి నొక్కింది. పెట్టె కదల్లేదు. ఇంకా గట్టిగా నొక్కింది. పెట్టె ఆమె ఒంట్లో భాగమైనట్టు ఉండిపోయింది. ఒక చరణం పూర్తిగా వాయించి తల తిప్పేసరికి సందు మొగన జనం నిలబడి ఉన్నారు. జామకాయలమ్మే మనిషి తక్కెడ పట్టుకుని అట్లాగే వింటున్నాడు. పోలమ్మకు ఏడుపొచ్చినంత పనయింది. ముప్పై ఏళ్ళుగా కూర్చునే వాయించింది. నిలబడితే పాట ఇంత దూరం పోతుందని ఆమెకు ఈ రోజు వరకు తెలియదు.

మర్నాడు ఎగువకొట్టాల్లో భజన సాధన. పోలమ్మ వాళ్ళ ఊరు అదే. యశోదమ్మ శనగల గోడౌను ముందరి సిమెంటు కళ్ళంలో రోజూ పొద్దున సాధన జరుగుతుంది. కళ్ళం ఆమెది, ఆడవాళ్ళు కట్టే పచ్చచీరలు ఆమె కొన్నవి, చెక్కలు ఆమె కొన్నవి. పాతికెకరాల ఆసామి ఇల్లు. ఒకసారి సర్పంచిగా కూడా చేసింది. ఊళ్ళో ఎవరి కుక్క మొరిగినా ఎందుకు మొరిగిందో ఆమెకు తెలియాలి.

పోలమ్మ పట్టీలు బిగించుకుని నడుస్తూ వాయించింది. ఆడవాళ్ళు ఆమె వెనకా ముందూ అడుగులేశారు. పాటా అడుగూ ఒక్క చోటే పడ్డాయి. అందరిలోకి పెద్దదైన శ్యామలమ్మ చెక్కలు ఆపి, "మే పోలీ, ఇదేదో పదేండ్ల కిందనే చేసింటే పులివెందల్లో తలెత్తుకోని తిరుగుదుము గదమే!" అంది. అందరూ నవ్వారు. పోలమ్మ కూడా నవ్వింది. ఈ కథలో ఆమె హాయిగా నవ్వింది అప్పుడే.

యశోదమ్మ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని అంతా చూసింది.

"శానా బాగుండాది పోలమ్మా. నాకు తట్టకపాయనే" అని మెచ్చుకుని, ఇంటివైపు తిరిగి, "లహరీ, ఇట్ల రా" అని పిలిచింది. రెండేళ్ళ కిందట కడప నుంచి కాపురానికొచ్చిన కోడలు లహరి ఫోను చేతిలో పట్టుకుని వచ్చింది. ఆమె వెనకే జీతగాడు ఇంకొక హార్మోనియం పెట్టె తెచ్చి దించాడు. కొత్తగా పాలిష్ పట్టిన పెట్టె అద్దంలా మెరుస్తోంది.

"ఆ పట్టీలు ఇప్పి ఈ పెట్టెకు తగిలిచ్చు. లహరికి ఎయ్యి" అంది యశోదమ్మ.

పోలమ్మకు మొదట అర్థం కాలేదు. "లహరమ్మకు వాయిచ్చేది వచ్చునా?"

"రాదు. వాయిచ్చేది నువ్వే. ఎనక ఆటోలో కూచుంటావు, నీ దగ్గర మైకు పెడతారు. సౌండు బాక్సులు లహరి పక్కనే బండిలో నడుస్తాయి. పులివెందల మాదిరి పాట ఎనకపడదు. చూసేటోళ్ళకు లహరి వాయిచ్చినట్టే ఉంటాది." పెట్టె మూతను గోటితో తట్టింది. "ఇది మా మామ కాలంది, అటక మీద పడుండె. పోయిన వారమే లోపల పలికే రీడ్లన్నీ పీకిచ్చి, పక్కల కొక్కేలు ఏపిచ్చినా. పట్టీ ఒకటే తక్కువుండె. చేటంత బరువు గూడా ల్యా."

సొమ్మొకడిది, సోకొకడిది అంటే ఇదే. యశోదమ్మ లెక్క ఊరందరికీ తెలుసు. వచ్చే పంచాయతీ ఎలక్షన్లలో సర్పంచి సీటు ఆడవాళ్ళకు వస్తుందని ఎవరో చెప్పారు. అది తేలనే లేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, లహరి నవ్వుతూ దండం పెడుతున్న ఫ్లెక్సీ మాత్రం అచ్చయి గోడౌనులో చుట్ట చుట్టి ఉంది. ఊరేగింపులో ముందు నిలబడి వాయించే కోడలు కావాలి. పదిమంది ఫోన్లలో తిరగాలి.

"అమ్మా, ఈ పట్టీలు నా కొలతకు..." అని పోలమ్మ నోరు తెరిచింది.

"మీ మంద మా చేన్లోనే గదా ఉండాది? మోహన్ బాగుండాడా? మేత సాలుతాందా?" అని అడిగింది యశోదమ్మ, ఎంతో ప్రేమగా.

మోహన్ పోలమ్మ మొగుడు. శనగ కోసిన చేలల్లో మందను నిలుపుకోనివ్వడం ఆసామి దయ. ఈ ఎండల్లో చుట్టుపక్కల మేత మిగిలింది యశోదమ్మ చేలలోనే. పోలమ్మ నోరు మూసుకుంది. చెక్కలు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళంతా సిమెంటు నేలలో ఏదో పోగొట్టుకున్నట్టు కిందికి చూశారు.

పోలమ్మే పట్టీలు విప్పింది. పోలమ్మే బోలు పెట్టెకు తగిలించి లహరి ఒంటికి వేసింది. లహరి సన్నటి మనిషి. నడుం పట్టీ చివర జానెడు పైన మిగిలి వేలాడింది. ఫొటోలో బాగుండదని యశోదమ్మ బ్లేడు తెప్పించింది. జీతగాడు ఆ ముక్కను కోసి కళ్ళం మూలకు విసిరేశాడు. కొత్త రంధ్రాలు మేకుతో పొడవమన్నారు. అదీ పోలమ్మే పొడిచింది. ఒక్కొక్క దెబ్బా తన తొడలోనే దిగినట్టయింది.

బోలు పెట్టె అయినా చెక్క చెక్కే కదా. లహరి మెడ వంగి, "లాగుతాంది అక్కా" అంది. ముందర నడుముకు బిగించాలి అన్న మాట పోలమ్మ గొంతు దాకా వచ్చింది. మింగేసింది. భుజం పట్టీలు బిగించి, నడుం పట్టీని వదులుగా వదిలేసింది. తెలిసే వదిలేసింది.

ఇంటికొచ్చేసరికి ఆమె మామ ఎర్రన్న గడప పక్కన కూర్చుని ఉన్ని వడుకుతున్నాడు. పెట్టె నేర్పింది ఆయనే. కోడలిగా వచ్చిన కొత్తలో, మందతో కొండల్లో ఉన్నప్పుడు, మగవాళ్ళు నేర్చుకోక వదిలేసిన విద్యను ఈమె చేతిలో పెట్టాడు. ఎవరెన్ని అన్నా వినలేదు.

"ఏమంటాంది కోడలా నీ పెట్టె? నడిచిందా?"

పోలమ్మ చెప్పింది. ఎర్రన్న కదురు ఆపలేదు. దారం మూరెడు సాగదీశాడు.

"మంద వాళ్ళ చేన్లో ఉండాది" అన్నాడు చివరకు.

"నాకు తెల్దా మామా?"

"తెలుసని తెలిసే చెప్తాండా. వానలు పడేదాకా ఓర్సుకో."

"నువ్వయితే ఓర్సుకుందువా?"

ఎర్రన్న దారాన్ని కదురుకు చుట్టాడు. "ఆట మొదలుపెట్టేటప్పుడు ఆడోళ్ళు పెట్టెకు మొక్కుతారు గదా, శుక్రవారం ఏ పెట్టెకు మొక్కుతారు?" అని అడిగాడు.

చెక్క భజనలో అదొక కట్టుబాటు. పెట్టె వాయించే మనిషి ముందు పాటేమీ లేకుండా తిత్తిని నిండుగా నొక్కి ఒక్క స్వరాన్ని పట్టుకుంటుంది. పెట్టె అట్లా పలుకుతుండగా ఒక్కొక్కరే వచ్చి దాన్ని తాకి కళ్ళకద్దుకుని పోయి వరసలో నిలబడతారు. పెట్టె ముందుంటేనే మొదటి అడుగు పడుతుంది.

"యశోదమ్మ సూపిచ్చిన పెట్టెకు మొక్కుతారు" అంది పోలమ్మ విసురుగా.

"మా గురువు ఒకటే మాట చెప్పినాడు. ఊపిరుండే పెట్టెకే మొక్కండిరా, ఊపిరి ల్యానిది కట్టెతో సమానం అని. నేనిదే మాట మీ అందరికీ చెప్పినా."

"అది పోయి యశోదమ్మకు చెప్పు మామా" అని పోలమ్మ లోపలికి వెళ్ళిపోయింది.

అన్నం తినబుద్ధి కాలేదు. పెట్టె ముందరేసుకుని కూర్చుంది. పాట మూడో చరణంలో స్వరం పైకెక్కే చోటు ఒకటుంది. అక్కడికి వచ్చాక ఎడమ చెయ్యి తిత్తి మీది నుంచి తీసేసింది. లోపలున్న గాలి అయిపోయేదాకా స్వరం నిలిచి, సన్నబడి, ఆగిపోయింది. మళ్ళీ వాయించి మళ్ళీ తీసేసింది. ఈసారి వేళ్ళతో లెక్కపెట్టుకుంది. నాలుగు అడుగుల సేపు. అంతే. నాలుగు అడుగులయ్యాక పాట ఉండదు. లహరి వేళ్ళు మాత్రం మెట్ల మీద ఆడుతూనే ఉంటాయి. జమ్మలమడుగంతా చూస్తుంది. పులివెందల్లో విన్న నవ్వు ఈసారి ఎవరు వినాలో వాళ్ళే వింటారు. మైకు చెడిపోయిందంటే కాదనేవాళ్ళెవరు?

ఆ ఆలోచనతో ఆమెకు కడుపు చల్లబడింది. వెంటనే భయమేసింది. అయినా మానుకోలేదు.

గురువారం సాయంత్రం లహరి ఒక్కతే వాళ్ళింటికి వచ్చింది. చీర కొంగు మెడ చుట్టూ కప్పుకుని ఉంది.

"వేళ్ళు యాడ పెట్టాల్నో చూపించక్కా. ఉత్తగా కదిలిస్తే తెలిసిపోతాది."

పోలమ్మ పెట్టె ముందుకు జరిపింది. లహరి నేల మీద కూర్చుని మెట్ల మీద వేళ్ళు పెట్టింది. చూపించింది చూపించినట్టు పట్టుకుంది. రెండుసార్లకే మొదటి చరణం తప్పు లేకుండా వచ్చింది. మూడోసారి తానే తిత్తి నొక్కి, పెట్టె పలకగానే ఉలిక్కిపడి, చిన్నపిల్లలా నవ్వింది. ఆ నవ్వు చూసి పోలమ్మ మొహం తిప్పుకుంది. రేపు తాను చేయబోయే పనికి ఈ పిల్ల మొహం అడ్డం రాకూడదనుకుంది.

"మా అత్త చెప్పింది, చేస్తాండా. నన్ను ఎవురూ అడగల్యా" అంది లహరి. కొంగు జరిగితే మెడ మీద ఎర్రటి వాత కనిపించింది. "ఈ పట్టీ కోసుకుంటాందక్కా. నీ పెట్టె ఇంకా బరువు గదా, నువ్వు ఎట్ల నిలబడితివి?"

"అలవాటయితాది" అంది పోలమ్మ.

అబద్ధం. ఒక్క మాట చెబితే ఆ పిల్ల మెడ బతికేది. లహరి తలూపి, కొంగు సర్దుకుని వెళ్ళిపోయింది. గడప దగ్గర ఎర్రన్న కదురు ఆగింది. ఆయన అన్నీ విన్నాడు. పోలమ్మకు ఆ కదురు ఆగడమే చెంపదెబ్బలా తగిలింది.

శుక్రవారం పొద్దున ఎనిమిదింటికే జమ్మలమడుగు వీధిలో ఎండ చురుక్కుమంటోంది. స్వామి పల్లకి గుడి దాటి వీధిలోకి వచ్చింది. దాని ముందు పచ్చచీరల్లో పద్నాలుగు మంది. వాళ్ళ ముందు, సౌండు బాక్సుల బండి పక్కన, పట్టుచీరలో లహరి, మెడకు మెరిసే పెట్టె. ఆడవాళ్ళకు కాస్త వెనకగా, గోడ వారన ఒక ఆటో. ఆటోకు అడ్డంగా నైలాను తాడుతో ఫ్లెక్సీ బిగించి కట్టారు. దాని మీద బొమ్మలో దండం పెడుతున్న లహరి, దాని వెనక ఆటోలో పెట్టెతో పోలమ్మ. ఫ్లెక్సీకి ఒక మూల చిన్న చిల్లు ఉంది. దానిలోంచి ఆమెకు వీధి అరచేయంత కనిపించింది. లోపల గాలి లేదు. రవిక అప్పుడే తడిసిపోయింది.

నాదస్వరం ఆగింది. ఉత్సవాల మనిషి ఎవరో, "భజనోళ్ళు మొదలుపెట్టండమ్మా" అని కేక పెట్టాడు. యశోదమ్మ ఫోను పైకెత్తి పట్టుకుంది.

పోలమ్మ తిత్తిని నిండుగా నొక్కి ఒక్క స్వరం పట్టింది. మైకు దాన్ని అందుకుంది. లహరి పక్కనున్న బాక్సుల్లోంచి ఆ స్వరం వీధంతా పరుచుకుంది. మూడో చరణం, నాలుగు అడుగులు, అని పోలమ్మ మనసులో అనుకుంది.

మొక్కడానికి ముందుగా శ్యామలమ్మ కదిలింది. లహరి ముందుకు వెళ్ళి నిలబడింది. చెయ్యి చాచింది. మెరిసే పెట్టెకు బెత్తెడు దూరంలో ఆ చెయ్యి ఆగింది. శ్యామలమ్మ తలెత్తి లహరి మొహం చూసింది, పెట్టె చూసింది, చెయ్యి వెనక్కి తీసుకుంది. వెనక్కి తిరిగి, వరస దాటి, నేరుగా ఆటో దగ్గరికి నడిచి వచ్చింది. ఫ్లెక్సీ అంచు పైకెత్తి, లోపలికి వంగి, పలుకుతున్న పెట్టెను తాకి కళ్ళకద్దుకుంది.

పోలమ్మ తిత్తిని ఇంకా గట్టిగా నొక్కింది.

శ్యామలమ్మ వెనక భువనేశ్వరి వచ్చింది. ఆ వెనక నందిని. ఒకరి తర్వాత ఒకరు, గజ్జెలు మోగించుకుంటూ, లహరిని దాటి, యశోదమ్మ ఫోనును దాటి వచ్చారు. ఎవరూ ఎవరితో ఏమీ అనుకోలేదు. ముందుగా అనుకున్న జాడ కూడా లేదు. పద్నాలుగు చేతులు ఫ్లెక్సీ కిందుగా లోపలికి వచ్చాయి. చెమట చేతులు, పసుపు చేతులు, కలుపు తీసి గోళ్ళు అరిగిన చేతులు. వాళ్ళు తాకుతున్నంతసేపు స్వరం ఆపకూడదు. పోలమ్మ ఎడమ చెయ్యి కొట్టుకుంటూనే ఉంది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా తుడుచుకునేందుకు ఆమెకు చెయ్యి ఖాళీ లేదు.

యశోదమ్మ గబగబా వచ్చింది. "ఏంది మే ఇది? వరసలోకి పోండి" అంది పళ్ళ బిగువున.

"మొక్కుకుంటాండామమ్మా" అంది శ్యామలమ్మ. "ఊపిరి యాడుంటే ఆడికే గదా పోవాల. పెట్టె ముందర నడిస్తే మేం ఎనక నడుస్తాం."

పద్నాలుగు మందీ ఆటో చుట్టూ నిలబడిపోయారు. పల్లకి మోసేవాళ్ళు భుజాలు మార్చుకున్నారు. వెనక నుంచి జనం, "కదలండమ్మా, కదలండి!" అని అరవడం మొదలుపెట్టారు. వీధి మధ్యలో లహరి ఒక్కతే మిగిలింది. మెట్ల మీద ఆమె వేళ్ళు అట్లాగే ఉన్నాయి. అందరి కళ్ళూ ఆమె మీదే ఉన్నాయి. పోలమ్మ కోరుకున్నది ఇదే. కోరుకున్నది చిల్లులోంచి కనిపిస్తుంటే ఆమె చూడలేకపోయింది.

లహరి కదిలింది. పెట్టె బరువుకు వంగిన మెడతోనే ఆటో దాకా వచ్చింది. ఫ్లెక్సీ ఎత్తి, పోలమ్మ పెట్టెను తాకి, కళ్ళకద్దుకుంది. తర్వాత భుజం పట్టీలు ఒక్కొక్కటే తీసి బోలు పెట్టెను ఆటో సీటు మీద పెట్టింది.

"దిగక్కా."

"లహరీ!" అంది యశోదమ్మ. గట్టిగా అనలేదు. అయినా చుట్టూ ఉన్న ఆడవాళ్ళంతా విన్నారు.

"స్వామి నిలబడుకోనుండాడు అత్తా" అంది లహరి.

యశోదమ్మ ఫోను దించింది.

పోలమ్మ దిగింది. కాళ్ళు తిమ్మిరెక్కి ఉన్నాయి. శ్యామలమ్మా నందినీ పెట్టె పట్టుకుంటే, బోలు పెట్టెకున్న పట్టీలు విప్పి తన పెట్టె కొక్కేలకు తగిలించింది. నడుం పట్టీ చుట్టూ తిప్పి లాగింది. అందలేదు. జానెడు తక్కువ. కోసేసిన ముక్క ఎగువకొట్టాల్లో కళ్ళం మూలన పడి ఉంది. నడుం పట్టీ లేకుండా మెడ మీద వేసుకుంటే నాలుగు వీధులు కాదు, నాలుగు ఇళ్ళు కూడా దాటలేదు. పోలమ్మ చుట్టూ చూసింది. పల్లకి వెనక అరుపులు పెద్దవవుతున్నాయి.

లహరి కూడా ఆ జానెడు ఖాళీని చూసింది. ఒక్క క్షణం ఆలోచించి ఆటో వైపు తిరిగింది. ఫ్లెక్సీకి కట్టిన నైలాను తాడు ముడి మీద గోళ్ళు పెట్టి లాగింది. పట్టుచీర నలిగింది, ఒక గోరు విరిగింది. ముడి వీడింది. ఫ్లెక్సీ ఒక పక్కకు జారి, నవ్వుతున్న లహరి మొహం మధ్యకు మడత పడింది. తాడు తెచ్చి పోలమ్మ చేతిలో పెట్టింది.

పోలమ్మ తాడును పట్టీ చివరి రంధ్రంలోంచి దూర్చి, తుంటి మీదుగా రెండు చుట్లు తిప్పి, మంద వెంట నడిచేవాళ్ళు వేసే ముడి వేసింది. పిల్ల ఎంత తన్నుకున్నా జారని ముడి. తర్వాత భుజాలకు వేసుకుంది. పైట కొంగు పట్టీ కిందకు తోసుకుంది. తిత్తి నొక్కింది. పెట్టె కదల్లేదు.

చెక్కలు ఒక్కసారిగా మోగాయి.

మైకు పట్టుకుని నడవడానికి మనిషి కావాలి. లహరే పట్టుకుంది. పోలమ్మ పక్కనే, చెయ్యి చాచి పెట్టె దగ్గర మైకు పెట్టి, ఆమె అడుగులో అడుగు వేసింది. మొదటి వీధి దాటారు. మలుపు తిరిగారు. పాట వాళ్ళతోనే తిరిగింది. ఒక మేడ మీది నుంచి ఎవరో పూలు వేశారు. అవి స్వామికి వేసినవే. కొన్ని పోలమ్మ మెట్ల మీద పడ్డాయి. వాటిని తుడిచేసేందుకు వీలులేక వాటి మీదుగానే వాయించింది.

మూడో చరణం వచ్చింది. స్వరం పైకెక్కే చోటు వచ్చింది. ఎడమ చేతికి రెండు రోజులుగా నేర్పిన పని గుర్తొచ్చినట్టుంది, ఒక్క రవ్వ తడబడింది. మైకు పట్టుకున్న లహరి మెడ మీద ఎర్రటి వాత ఎండలో ఇంకా ఎర్రగా కనిపించింది. పోలమ్మ తిత్తిని గట్టిగా నొక్కింది. నాలుగు అడుగులు దాటాయి, నలభై దాటాయి, పాట ఆగలేదు.

పల్లకి గుడికి చేరేసరికి పది దాటింది. ఆడవాళ్ళు గుడి అరుగు మీద నీడలో కూలబడి నీళ్ళ సీసాలు పంచుకుంటున్నారు. యశోదమ్మ ఫ్లెక్సీని తానే చుట్ట చుట్టి చంకలో పెట్టుకుని వచ్చింది. శ్యామలమ్మ లేచి నిలబడింది. యశోదమ్మ ఆమె వైపు చూడలేదు.

"మందను రేప్పొద్దునకంతా చేన్లోంచి ఎత్తమని మోహన్‌కు చెప్పు" అంది పోలమ్మతో.

"చెప్తానమ్మా" అంది పోలమ్మ.

మేత వెతుక్కుంటూ మందను చక్రాయపేట వైపు తోలుకుపోవాలి, ఈ ఎండకు దారిలో ఎన్ని గొర్రెలు నిలుస్తాయో, మోహన్ ఏమంటాడో. ఆ భయం అబద్ధం కాదు. కానీ తల వంచలేదు. పెట్టె ఇంకా నడుముకే ఉంది, వంచుదామన్నా వంగదు. యశోదమ్మ కారు వైపు వెళ్ళిపోయింది.

చెమటకు తాడు బిగుసుకుపోయింది. ముడి పోలమ్మ చేతికి అందడం లేదు. లహరి వచ్చి ఆమె ముందు అరుగు మీద మోకాళ్ళ మీద కూర్చుని ముడి మీద చెయ్యి వేసింది. విరిగిన గోటికి రక్తం ఎండిపోయి ఉంది.

"లహరమ్మా" అంది పోలమ్మ. "నిన్న నీకు అబద్ధం చెప్పినా. అలవాటు కాదు అది. ముందర నడుముకు కట్టాల, తర్వాతనే భుజానికి. ఆ పొద్దు కళ్ళంలో నీకు ఏసేటప్పుడే తెలుసు నాకు. చెప్పల్యా."

లహరి వేళ్ళు ముడి మీద ఆగాయి. తలెత్తి పోలమ్మ మొహంలోకి చూసింది. ఎడమ చెయ్యి మెడ మీదికి వెళ్ళి వాతను ఒకసారి తడుముకుని వచ్చింది.

కారు హారన్ మోగింది. మళ్ళీ మోగింది.

"ఇప్పేదానికి ముందర ఎట్ల కట్టినావో ఒకసారి చూసుకోనీ అక్కా" అంది లహరి. ముడి విప్పకుండా, తాడు ఎటునుంచి వచ్చి ఎటు పోయిందో వేలితో వెతుక్కుంటూ ఆమె అట్లాగే కూర్చుంది.